పాత రాతిగోడ మీద వెలుగు బొమ్మలు: 6,000 ల్యూమెన్లు చాలుతాయా?

మీరు అడిగింది ఇది: హన్మకొండలో ఒక పాత బడి భవనం. బూడిదరంగు గ్రానైట్ కట్టుబడి, మధ్యలో కమాను గుమ్మం, పైన వరుసగా కిటికీలు, వాటి మీద రాతి సజ్జ. ముందుగోడ 14 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తు. గోడకు 18 మీటర్ల దూరంలో ప్రహరీ, దాని అవతల వీధిదీపాల రోడ్డు. సద్దుల బతుకమ్మ రాత్రి ఆ గోడ మీద 12 నిమిషాల వెలుగు ప్రదర్శన పెట్టాలని కాలనీ యువజన సంఘం ఆలోచన. చేతిలో 6,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ ఒకటుంది. అది చాలుతుందా, ఇంకేమేం కావాలి?

గోడ మొత్తానికి చాలదు. గుమ్మం చుట్టూ 6 మీటర్ల మేరకైతే చక్కగా సరిపోతుంది. కానీ ఈ రెండిటికంటే ముందు తేల్చుకోవాల్సింది వీధిదీపాల సంగతి. పెద్ద ప్రొజెక్టర్ కోసం తిరిగే తిరుగుడులో సగం చీకటి కోసం తిరగండి. అందులోనే లాభం ఎక్కువ. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ప్రొజెక్టర్ మొత్తంగా బయటికి పంపే వెలుగును ల్యూమెన్లలో చెబుతారు. అది గోడ మీద ఒక్కో చదరపు మీటరుకు ఎంత పడుతుందో చెప్పేది లక్స్. 16:10 బొమ్మ 9 మీటర్ల ఎత్తుకు 14.4 మీటర్ల వెడల్పు వస్తుంది, అంటే దాదాపు 130 చదరపు మీటర్లు. 6,000ను 130తో భాగిస్తే 46 లక్స్. వీధిదీపాల నుంచి ఆ గోడ మీద ఇప్పటికే 10 లక్స్ పడుతోందనుకోండి. బొమ్మలో తెల్లగా ఉన్నచోట 56, నల్లగా ఉన్నచోట 10. తేడా ఐదున్నర రెట్లే. అది బొమ్మలా ఉండదు, వెలిసిపోయిన ముగ్గులా ఉంటుంది.

ఇప్పుడు 20,000 ల్యూమెన్లు తెచ్చి దీపాలను అలాగే వదిలేస్తే 154 లక్స్ వస్తుంది, తేడా 16 రెట్లు. దానికి బదులు మీ 6,000నే ఉంచి, పరిసరాల వెలుగును 10 నుంచి 1 లక్స్‌కు దించితే తేడా 47 రెట్లు. ఖరీదైన మిషన్ ఇచ్చేదానికి దాదాపు మూడింతలు, నాలుగు దీపాలు ఆర్పితే వస్తుంది.

అయితే చీకటి ఒక్కటే సరిపోతుందా అంటే, అదీ కాదు. గోడ మీద పడ్డ వెలుగులో ఎంత వెనక్కి వస్తుందన్నది రాయి చేతిలో ఉంది. వానకు, ఎండకు మాగిన గ్రానైట్ నాలుగో వంతు వెనక్కి ఇస్తే గొప్ప. 46 లక్స్‌ను 0.25తో హెచ్చించి 3.14తో భాగిస్తే చదరపు మీటరుకు 3.7 క్యాండెలాలు, గోడ నుంచి కంటికి తిరిగొచ్చే వెలుగుకు ఇది కొలత. సినిమా హాల్లో తెరకు పెట్టుకున్న ప్రమాణం 48. 3, 4 దగ్గర కంటికి ఆకారాలు కనిపిస్తాయి కానీ రంగులు పాలిపోతాయి. ఆరుబయట రాతిగోడకు 12 దాకా తెచ్చుకుంటే రంగు నిలబడుతుంది, 20 ఉంటే నిండుగా ఉంటుంది.

మీ గోడ ఎంత వెనక్కి ఇస్తుందో ఊహించుకోనక్కర్లేదు. రాత్రిపూట గోడ మీద ఒక తెల్ల ఏ4 కాగితం అంటించి, ఏదో ఒక ప్రొజెక్టర్‌తో దాని మీదా పక్కనున్న రాతి మీదా ఉత్త తెల్ల వెలుగు వేయండి. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి 1/60 షట్టర్‌తో కాగితాన్ని తీయండి. షట్టర్ వేగం తగ్గిస్తూ పోతే రాయి ఎక్కడ అంతే తెల్లగా వస్తుందో చూడండి. 1/15 దగ్గర వస్తే రెండు స్టాపుల తేడా, అంటే కాగితంలో నాలుగో వంతు. కాగితం 80 శాతం ఇస్తుంది కాబట్టి రాయి 20 శాతం. మూడు నాలుగు చోట్ల చూడండి. సజ్జ కింద, వాననీరు కారే చారల దగ్గర ఇంకా తక్కువ వస్తుంది.

ఇక్కడ చాలామందికి ఒక ఆలోచన వస్తుంది, గోడకు సున్నం కొడితే పోలేదా అని. దయచేసి ఆ పని చేయకండి. సున్నం వెలుగును బాగా తిప్పికొట్టే మాట నిజమే, కానీ పాత రాతి గరుకులోకి, దర్జుల్లోకి దిగిన సున్నం మళ్లీ పూర్తిగా రాదు. గోడనే పాడుచేసి గోడ అందం చూపిస్తామనడంలో అర్థం లేదు. కిటికీలు, గుమ్మం మాత్రం నల్లటి గుంతల్లా వెలుగును మింగేస్తాయి కాబట్టి వాటిలో తెల్ల నూలు గుడ్డ బిగించిన కర్ర చట్రాలు లోపలి నుంచి ఆనించి పెట్టొచ్చు. ఒక్క మేకు కూడా కొట్టాల్సిన పని లేదు. గుడ్డకు నిప్పు అంటకుండా చేసే మందు పట్టించండి. దీపాలూ అగర్బత్తీలూ ఉండే చోటు కదా.

పరిసరాల వెలుగు కొలవడానికి చేతిలో ఇమిడే లక్స్ మీటర్ కొనండి. ఫోన్ యాప్‌ను నమ్ముకోవద్దు, తక్కువ వెలుగులో అది చెప్పే అంకె ఫోన్‌కో తీరుగా ఉంటుంది. రాత్రి 7, 9 గంటల మధ్య మీటర్ వెనకభాగం గోడకు ఆనించి, కన్ను రోడ్డు వైపు ఉండేలా పట్టుకుని, గోడ పొడవునా ఆరేడు చోట్ల, నిచ్చెన వేసుకుని రెండు మూడు ఎత్తుల్లో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఎక్కడ ఎక్కువ వచ్చిందో అక్కడ నిలబడి వెనక్కి తిరిగి చూస్తే దోషి దీపం కంటికి నేరుగా కనిపిస్తుంది. సాధారణంగా మూడు నాలుగే ఉంటాయి: రెండు వీధిదీపాలు, ఎదురు దుకాణం బోర్డు, ఎవరిదో డాబా మీది లైటు. చంద్రుడి భయం అక్కర్లేదు. బతుకమ్మ అమావాస్య నాడు మొదలై అష్టమితో ముగుస్తుంది, నిండు పున్నమి వెన్నెల కూడా పావు లక్స్ చుట్టుపక్కలే.

దుకాణం, డాబా వాళ్లతో మాటలతో పని అవుతుంది. వీధిదీపాలకు మున్సిపల్ కార్పొరేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. ఏ స్తంభాలు, ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అని స్తంభం నంబర్లతో సహా రాస్తే పని తేలిక. మొత్తం వీధి ఆర్పమనకండి, ఆ రెండే అడగండి. ఆర్పడం కుదరకపోతే దీపానికి గోడ వైపు మాత్రమే వెలుగును ఆపే రేకు తొడుగు వేయించడం రెండో దారి. ఏది చేసినా స్తంభం ఎక్కేది వాళ్ల మనిషే కావాలి.

ఈ దీపాల సంగతితోనే తేదీ మాట కూడా వస్తుంది. సద్దుల నాడు పెట్టుకోవద్దని నా గట్టి సలహా. ఆ రాత్రి ఆడవాళ్లు, పిల్లలు వందల్లో వస్తారు, నగలు వేసుకుని వస్తారు, ఆట అయ్యాక చెరువుకో పద్మాక్షి గుండానికో కదులుతారు. ఆ పూట వీధిదీపాలు ఆర్పమని ఎవరూ అడగకూడదు, అడిగినా ఆర్పకూడదు. పైగా పండుగ కోసం అదనంగా పెట్టే ఫ్లడ్‌లైట్లు మీ గోడ మీదే పడతాయి. ఆరోరోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు, మైదానం ఖాళీగా ఉంటుంది. ఆ రాత్రి పరంజా మీద ప్రొజెక్టర్లు ఎక్కించి బొమ్మను గోడకు సరిపెట్టుకోండి. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ నాడు, ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మ నాడు ప్రదర్శన. అద్దె సామాను మూడు రోజులకు తీసుకుంటే సరిపోతుంది, సద్దుల పొద్దునకు మైదానం ఖాళీ చేసి ఇవ్వొచ్చు. ఆ రోజుల్లో మనవైపు పొద్దు 6 గంటలకు అటూ ఇటూగా గూకుతుంది, ఆకాశం పూర్తిగా నల్లబడేసరికి 6:45 అవుతుంది. 7:15 కంటే ముందు మొదలుపెట్టకండి.

ఇక సామాను. రెండు దారులున్నాయి.

మొదటిది, అద్దె లేకుండా. మీ 6,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్‌ను గుమ్మం కమాను, దాని పైభాగానికే కేటాయించండి. 6 మీటర్ల వెడల్పు, 3.75 మీటర్ల ఎత్తు అంటే 22.5 చదరపు మీటర్లు, 267 లక్స్, రాతి మీద 21 క్యాండెలాలు. ఇదే ప్రొజెక్టర్, దాదాపు ఆరు రెట్ల వెలుగు. లెన్స్ నిష్పత్తి (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 అయితే గోడకు 9 మీటర్ల దూరంలో పెట్టాలి, అంటే దాని అరుగు మైదానం నడుమకు వస్తుంది. చుట్టూ కంచె కట్టి, ఆట వలయాన్ని దానికి పక్కగా జరపండి. మిగతా గోడకు ఎనిమిదో పదో ఎల్‌ఈడీ వాల్‌వాషర్లను (గోడ మీద వెలుగు పరిచే పొడుగు దీపాలను) గోడ అడుగున, గోడకు 30 సెంటీమీటర్ల ఎడంతో పెట్టి పైకి వెలుగు తోలండి. అంత దగ్గర నుంచి వెలుగు రాతిని రాసుకుంటూ పోతే ఉలి దెబ్బ ఒక్కొక్కటీ నీడతో లేచి కనిపిస్తుంది, ఇది ఏ ప్రొజెక్టర్ వల్లా కాదు. ఇదేదో తక్కువరకం పని అనుకోవద్దు. 1952లో ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో ఈ తరహా ప్రదర్శన మొదలైనప్పుడు కట్టడాన్ని పలికించింది ఫ్లడ్‌లైట్లు, శబ్దమే. మొదటిసారి చేస్తున్నవాళ్లకు నేను ఈ దారే చెబుతాను.

రెండోది, గోడ మొత్తానికి. ఒక్కొక్కటి 10,000 ల్యూమెన్ల లేజర్ ప్రొజెక్టర్లు రెండు అద్దెకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు బొమ్మలనూ ఒకేచోట కలపండి. 154 లక్స్, రాతి మీద 12 క్యాండెలాలు. పక్కపక్కన పెట్టి అంచులు కలపొచ్చు కదా అంటే, మీ గోడ కొలతకు అది కుదరదు. 9 మీటర్ల ఎత్తు రావాలంటే వాటిని నిలువుగా తిప్పాలి, నిలువులో ఒక్కోటి 5.6 మీటర్లే కప్పుతుంది, మూడు కావాల్సి వస్తుంది. పైగా పేర్చితే ఒకటి మొరాయించినా రెండోది సగం వెలుగుతో ఆటను పూర్తిచేస్తుంది. అద్దెకు మాట్లాడేటప్పుడు ‘ఏఎన్‌ఎస్‌ఐ లేదా ఐఎస్‌ఓ ల్యూమెన్లు ఎన్ని’ అని అడగండి. ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే పెట్టెల మీద రాసే ల్యూమెన్ల అంకెకు ఈ లెక్కలతో సంబంధం ఉండదు.

లెన్స్ కూడా అప్పుడే తేల్చుకోవాలి. ప్రొజెక్టర్ ఒడలు, వెనక గాలి ఆడే జాగా పోగా లెన్స్ గోడకు 17 మీటర్లలో ఉంటుంది. 17ను 14.4తో భాగిస్తే 1.18. ఈ అంకె నడుమ పడేలా, అంటే 1.0 నుంచి 1.4 దాకా జూమ్ ఉన్న లెన్స్ అడగండి. సరిగ్గా 1.2 నుంచి మొదలయ్యే లెన్స్ వస్తే బొమ్మ ఎత్తు 8.85 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది, ప్రహరీని వెనక్కి జరపలేరు.

లెన్స్ నేల నుంచి 3 మీటర్ల ఎత్తున ఉండాలి. దీనికి మూడు కారణాలున్నాయి. లేజర్ ప్రొజెక్టర్ లెన్స్‌లోకి దగ్గర నుంచి చూడటం కంటికి ప్రమాదం, పిల్లల తలలు ఆ దారిలోకి రాకూడదు. రెండోది సజ్జ నీడ. సజ్జ 6 మీటర్ల ఎత్తున 60 సెంటీమీటర్లు బయటికి ఉందనుకుంటే, 3 మీటర్ల ఎత్తు నుంచి వెలుగు వేసినప్పుడు సజ్జ పైన 11 సెంటీమీటర్ల నల్లపట్టీ మిగులుతుంది. నేలకు మీటరు ఎత్తులో బల్ల మీద పెడితే అది 18 అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత తిప్పినా ఈ నీడ పోదు, అక్కడికి వెలుగే చేరదు మరి. మూడోది మనుషులు. గోడ కింది 2 మీటర్లలో బొమ్మ వేయకుండా నల్లగా వదిలేయండి. 3 మీటర్ల ఎత్తు నుంచి 2 మీటర్ల ఎత్తుకు పోయే వెలుగు దారిలో ఎక్కడా 2 మీటర్ల కిందికి దిగదు కాబట్టి ఆడేవాళ్ల కళ్లలో పడదు, వాళ్ల నీడలు గోడ మీద పడవు. నెత్తిన బతుకమ్మతో వచ్చేవాళ్ల ఎత్తు మాత్రం 2 మీటర్లు దాటుతుంది. వాళ్లు వచ్చే దారిని పక్క గేటు నుంచి పెట్టండి.

పరంజా ఇనుప పైపులది కట్టించండి, గోవకర్రలది వద్దు. ఒక్క పిక్సెల్ ఆ గోడ మీద ఏడున్నర మిల్లీమీటర్లు. పేర్చిన రెండు బొమ్మల మధ్య 4 మిల్లీమీటర్లు జరిగినా గీతలు మసకబారతాయి. అందుకే ప్రొజెక్టర్లున్న పరంజా మీద మనిషి కూర్చోకూడదు, ల్యాప్‌టాప్ బల్ల నేల మీద వేరుగా ఉండాలి. రెండిటినీ కలపడానికి ముందు అరగంట వెలిగించి ఉంచండి. వేడెక్కేకొద్దీ లెన్స్ కొంచెం జరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు కలిపింది తొమ్మిదింటికి విడిపోతుంది. ఒకదాని నుంచి పచ్చ గళ్లు, రెండోదాని నుంచి అవే గళ్లు మెజెంటాలో వేయండి. సరిగ్గా కలిసినచోట గీత తెల్లగా మారుతుంది, కలవనిచోట రెండు రంగులూ విడిగా కనిపిస్తాయి. బొమ్మను పైకీ కిందికీ జరపడానికి లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్‌ను వంచకుండా లెన్స్‌నే జరిపే ఏర్పాటు) వాడండి. వంకర పడ్డ బొమ్మను ప్రొజెక్టరే లోపల సాగదీసి సరిచేసే కీస్టోన్ దిద్దుబాటు జోలికి పోవద్దు, అది పిక్సెళ్లను తినేస్తుంది, దిద్దిన గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి.

గోడకు బొమ్మ అతికించడం రెండు దశల్లో జరగాలి. రెండు నెలల ముందే, రేపు లెన్స్ ఎక్కడ ఉండబోతోందో సరిగ్గా అక్కడికి, అంతే ఎత్తుకు నిచ్చెన ఎక్కి ఫోటో తీయాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 35 మి.మీ. లెన్స్ చాలు, అంచులకు కొంత జాగా మిగులుతుంది. ఫోన్ వైడ్ లెన్స్ వద్దు, గోడ అంచులు వంగుతాయి. నేల మీద రంగుతో గుర్తు పెట్టి, ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. వేరే చోటు నుంచి తీసిన ఫోటో మీద యానిమేషన్ గీస్తే చదునైన గోడ వరకు సర్దుకోవచ్చు కానీ, కిటికీ లోతు, సజ్జ మందం, కమాను లోపలి అంచు ఎప్పటికీ కలవవు. ఎక్కువ ప్రదర్శనలు దెబ్బతినేది ఇక్కడే. పక్కింటి డాబా నుంచి తీసిన అందమైన ఫోటో మీద నెల రోజులు పనిచేసి, ఆ రాత్రికి కిటికీ బొమ్మ కిటికీ పక్కన పడితే చేయగలిగిందేమీ ఉండదు. రెండో దశ ప్రదర్శన ముందురాత్రి. ప్రొజెక్టర్ నుంచే నల్ల కాన్వాస్ వేసి, ఒకరు గోడ దగ్గర నిలబడి ‘ఇంకొంచెం కుడికి’ అని చెబుతుంటే, ఇంకొకరు మౌస్‌తో ప్రతి కిటికీ నాలుగు మూలలూ, కమాను అంచూ గీసుకుంటూ పోవాలి. లెన్స్ చూసిందే గీస్తున్నారు కాబట్టి ఇక తప్పు రాదు. ఆ గీతల మీదికి మ్యాపింగ్ (బొమ్మను గోడ ఆకారానికి అతికించే) సాఫ్ట్‌వేర్లయిన మ్యాడ్‌మ్యాపర్‌లోనో రెజల్యూమ్ అరీనాలోనో మీ ముక్కలను లాగి కూర్చోబెట్టాలి. రెజల్యూమ్‌లో అరీనానే తీసుకోండి, అవెన్యూలో మ్యాపింగ్ ఉండదు. మూడు నాలుగు గంటలు పట్టే పని ఇది.

బొమ్మల విషయంలో రంగు గురించి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే బతుకమ్మకు ఇది కలిసొస్తుంది. తెల్ల వెలుగు ప్రకాశంలో పచ్చ వంతు దాదాపు 72 శాతం, ఎరుపు 21, నీలం 7 మాత్రమే. గోడ నిండా ముదురు నీలం వేస్తే 20,000 ల్యూమెన్లలో మీకు దక్కేది 1,400. ఎరుపూ పచ్చా కలిసిన పసుపుకు మాత్రం 93 శాతం అందుతుంది. బూడిదరంగు రాతి మీద తంగేడు పసుపు వెలిగినట్టు ఇంకే నిండు రంగూ వెలగదు. గునుగు తెలుపు, బంతి నారింజ కూడా బాగా పలుకుతాయి. కట్ల పువ్వు నీలం పెట్టాలంటే చుట్టూ మొత్తం నల్లగా ఉంచి చిన్నగా పెట్టండి. అన్నిటికంటే నలుపును వాడుకోవడం నేర్చుకోండి. పన్నెండు నిమిషాల్లో సగం సేపు గోడలో సగం చీకట్లో ఉంటేనే మిగతా సగం వెలుగుతుంది. రాతి వరసలు, దర్జులు, కమాను రాళ్లు మీకు దొరికిన ఆస్తి. వాటిని ఒక్కొక్క రాయిగా వెలిగిస్తూ పోతే గోడే కదిలినట్టుంటుంది. వాటిని పట్టించుకోకుండా గోడను తెర చేసి వీడియో వేస్తే, దానికి తెల్ల పరదానే మేలు.

గీత ఏదైనా మూడు పిక్సెళ్లకు తగ్గకూడదు, ఒక్క పిక్సెల్ గీత కదిలితే మిణుకుమంటుంది. సెకనుకు మూడుసార్లకు మించి గోడంతా మెరిసి ఆరే మెరుపులు పెట్టకండి, మూర్ఛ జబ్బున్నవాళ్లకు ప్రమాదం. వీడియో 30 ఫ్రేములకు చేయండి. కెమెరా వాళ్లు 25లో ఇచ్చింది అలాగే వాడితే, ప్రొజెక్టర్ 60 హెర్ట్జ్‌లో ఉంటుంది కాబట్టి నెమ్మదిగా జరిగే గీతలు కుదుపుతూ పోతాయి. ఫైలు హ్యాప్ కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే ఒక పద్ధతి) తీయండి. ఈ సైజుకు సెకనుకు 35 ఎంబీ లోపు, పన్నెండు నిమిషాలకు 25 జీబీ మించదు, మామూలు ఎస్‌ఎస్‌డీ సాఫీగా ఆడిస్తుంది. హెచ్.264 ఫైలు చిన్నదే కానీ, ముక్కల మధ్య దూకేటప్పుడు ఆగుతుంది.

తెలుగు అక్షరాలు వేస్తున్నట్టయితే జాగ్రత్త. చాలా వీడియో, మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతాయి. ‘స్తంభం’ అని కొడితే గోడ మీద ‘స్‌తంభం’ అని పడుతుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, పాత్‌గా మార్చి, బొమ్మగా తెచ్చుకోండి. 25 మీటర్ల నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు 40 సెంటీమీటర్లు, అంటే 53 పిక్సెళ్లు ఉండాలి. ఇంగ్లిష్‌కు ఇంతకంటే చిన్నదైనా సరిపోతుంది, మనకు కింద ఒత్తు కూడా కనబడాలి కదా. లావు ఫాంట్ వాడండి కానీ ‘ప’, ‘వ’ల మధ్య తేడా పూడిపోయేంత లావు వద్దు.

పాట రికార్డుదా, అక్కడే పాడతారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఆడవాళ్లు పాడుతూ చప్పట్లు కొడుతుంటే వేగం మెల్లగా పెరుగుతూ పోతుంది. పన్నెండు నిమిషాల ఒకే వీడియో రెండో నిమిషానికే చప్పట్ల నుంచి తప్పిపోతుంది. అక్కడే పాడేట్టయితే బొమ్మలను 10, 15 సెకన్ల ముక్కలుగా చేసి, పాట తెలిసిన అమ్మాయి ఒకరు చప్పట్లు చూస్తూ మీట నొక్కేలా పెట్టండి.

కరెంటు దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. ప్రొజెక్టర్లు రెండూ కలిపి 2 కిలోవాట్లు, సౌండ్ 2, ల్యాప్‌టాప్, దారి దీపాలు 1. మొత్తం 5 కిలోవాట్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే 6.25 కేవీఏ. 10 కేవీఏ జనరేటర్ తీసుకుంటే అరవై శాతం బరువు మీద నిలకడగా తిరుగుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకున్నా జనరేటర్ ఉండాల్సిందే. త్రీఫేజ్ జనరేటర్‌లో అన్నిటికంటే భయపడాల్సింది వదులైన న్యూట్రల్ గురించి. అది ఊడితే 230 ఉండాల్సిన లైన్లలో ఒకదానికి 350, 400 వోల్టులు పోయి, దాని మీదున్న సామానంతా క్షణంలో కాలిపోతుంది. సామాను తగిలించకముందే మూడు ఫేజులకూ మీటర్ పెట్టి చూడండి, న్యూట్రల్ బోల్టు స్పానర్‌తో బిగించండి, వైరు చుట్టి టేపు వేసిన జాయింట్ కనిపిస్తే ఒప్పుకోవద్దు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 2, 3 వోల్టులు దాటితే ఎర్తింగ్ సరిగా లేనట్టు, స్పీకర్లలో గుయ్యిమనే శబ్దం అక్కడి నుంచే వస్తుంది. ల్యాప్‌టాప్‌కు, సిగ్నల్ పెట్టెలకు యూపీఎస్ పెట్టండి.

హెచ్‌డీఎంఐ వైరు 10 మీటర్లు దాటితే నమ్మకం లేదు. అంతకంటే దూరమైతే క్యాట్6 నెట్‌వర్క్ వైరు మీద బొమ్మను పంపే హెచ్‌డీబేస్‌టీ పెట్టెలు వాడండి, అసలు రాగి వైరు అడగండి. రాగిపూత వేసిన అల్యూమినియం వైరు చవక, కానీ బొమ్మ మధ్యమధ్యలో నల్లబడుతుంది. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే ల్యాప్‌టాప్ ప్రొజెక్టర్‌ను మళ్లీ గుర్తుపట్టి రెజల్యూషన్ మార్చేస్తుంది, అతికించినదంతా ఒక్కసారిగా పక్కకు పోతుంది. ఇడిడ్ ఎమ్యులేటర్ అనే చిన్న ముక్క నడుమ పెడితే ఈ తలనొప్పి ఉండదు.

వాన, పురుగులు, పత్తి దూది. అక్టోబర్ నడుమ దాకా వాన నమ్మలేం. ప్రొజెక్టర్ల మీద రేకు కప్పు, మూడు వైపులా టార్పాలిన్ కట్టి, గాలి పోయే రంధ్రాల దగ్గర అర మీటరు ఖాళీ వదలండి. నేరుగా పాలిథీన్ చుడితే పది నిమిషాల్లో వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. తడిసిన గ్రానైట్ నల్లబడి వెలుగును మింగేస్తుంది, సాయంత్రం వాన పడితే గోడ ఆరేదాకా ఆగడమే మంచిది. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లేస్తాయి. లెన్స్ ముందు ఎగిరే ఒక్క ఉసిలి గోడ మీద గద్దంత నీడ వేస్తుంది. ప్రదర్శనకు ముందు గంటపాటు లెన్స్ మూసి ఉంచి, 20 మీటర్ల అవతల ఒక తెల్ల బల్బు వెలిగించి పెట్టండి, చాలా వరకు అటే పోతాయి. ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి బండ్లు తిరగడం మొదలైతే గాలిలో దూది ఉంటుంది, ఫిల్టర్లు రోజూ మధ్యాహ్నం విప్పి దులపాలి.

శబ్దం మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్ల చొప్పున ఆలస్యంగా వస్తుంది. గోడ దగ్గర రెండు స్పీకర్లు, 15 మీటర్ల వెనక ఇంకో రెండు పెడితే వెనకవాటికి 45 మిల్లీసెకన్ల డిలే ఇవ్వండి, లేకపోతే ప్రతి డప్పు దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి కావాలి. రాత్రి 10 తర్వాత వాడకూడదన్నది నియమం కాబట్టి 7:15కు ఒకటి, 8:30కు ఒకటి పెట్టుకోండి.

మీ భవనం బడిది కాబట్టి బడి యాజమాన్యం అనుమతి చాలు. ఇది బాగా కుదిరితే వచ్చే ఏడు వేయి స్తంభాల గుడి మీదో, ఓరుగల్లు కోట తోరణాల మీదో చేద్దామనిపిస్తుంది. అవి, రామప్ప కూడా, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 1958 చట్టం కింద లోపల ఏ కార్యక్రమానికైనా ముందస్తు అనుమతి తప్పదు. సాంకేతికంగానూ అవి వేరే పని. తోరణం మొత్తం ఖాళీయే, నాలుగింట మూడొంతుల వెలుగు నడుమ నుంచి దూరిపోయి వెనక ఎవరి మీదో పడుతుంది. 1163లో కట్టిన వేయి స్తంభాల గుడిలో నునుపు తేల్చిన నల్లరాతి స్తంభాలు అద్దంలా వెలుగును ఒకే వైపు తిప్పికొడతాయి. వాటి మీద బొమ్మ నిలవదు, చూసేవాడి కంట్లో ప్రొజెక్టర్ మెరుపు పడుతుంది. 1213 నాటి రామప్పలో గోడ ఎర్ర ఇసుకరాయి, మదనికలు నల్లరాయి. గోడకు సరిపడా వెలుగు వేస్తే మదనికలు చీకటిలో కలిసిపోతాయి. అలాంటి రాతికి పక్క నుంచి రాసుకుంటూ పోయే సన్నటి దీపం చాలు, ప్రొజెక్టర్ అక్కర్లేదు.

మీ గోడకు సంబంధించి ఇంకొక్కటి. పాత భవనాల సజ్జల కింద గబ్బిలాలుంటాయి. అలిగిన బతుకమ్మ కంటే ముందే ఒక సాయంత్రం అవి ఎక్కడి నుంచి బయటికి వస్తున్నాయో చూసి, ఆ మూలను బొమ్మలో నల్లగా వదిలేయండి. లక్స్ కొలతలు, రాతి పరీక్షలో వచ్చిన శాతం, ప్రొజెక్టర్ మోడల్ ఇక్కడ పెడితే లెన్స్ దూరం, ఎత్తు మీ అంకెలతో మళ్లీ లెక్కవేసి చెబుతాను.